నేను చెప్పిన మాట పది నిమిషాల తరువాత మరొకరి పేరు మీద నమోదవుతోంది

ప్రయోగశాల_పద్మ
హైదరాబాదు శివార్లలోని ఒక మందుల కర్మాగారంలో, నాణ్యతా నియంత్రణ విభాగంలో తొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాను. గత ఏప్రిల్‌లో సెక్షన్ హెడ్‌గా పదోన్నతి వచ్చింది. అప్పటి నుంచి రోజూ ఉదయం తొమ్మిదిన్నరకు జరిగే ఉత్పత్తి సమీక్షా సమావేశంలో మా ప్రయోగశాల తరఫున నేనే మాట్లాడవలసి వస్తోంది. ఆ బల్ల చుట్టూ పదకొండు మందిమి కూర్చుంటాం, అందులో స్త్రీలం ఇద్దరమే.

గత నెల జరిగిన ఒక సంగతి చెబుతాను. ఒక రకం మాత్రలలో వరుసగా నాలుగు బ్యాచ్‌ల అస్సే విలువలు, అంటే ఉండవలసిన మందులో ఎంత శాతం ఉందో చెప్పే కొలతలు, 99.1, 98.2, 97.0, 95.9 శాతంగా వచ్చాయి. పరిమితి 95 నుంచి 105 వరకు కనుక నాలుగూ పాసైనట్టే లెక్క. కానీ ఆ దిగుడు అలాగే సాగితే ఐదో బ్యాచ్ గట్టెక్కదని ఆ అంకెలను వరుసగా పేర్చి చూసిన ఎవరికైనా అర్థమవుతుంది. "బహుశా గ్రాన్యూల్స్ ఆరబెట్టే దగ్గర ఒకసారి చూస్తే బాగుంటుందేమోనండి" అన్నాను (గ్రాన్యూల్స్ అంటే మాత్రలుగా నొక్కే ముందు మందు పొడితో చేసే పలుకులు). "అన్నీ పాసయ్యాయి కదమ్మా, ఇప్పుడు దాని గురించి ఎందుకు" అని ఉత్పత్తి విభాగాధిపతి తరువాతి అంశానికి వెళ్లిపోయారు. పది నిమిషాల తరువాత ఇంజినీరింగ్ విభాగపు సహోద్యోగి ఒకరు "డ్రయ్యర్‌లో తేడా ఉంది, తేమ ఎక్కువగా మిగిలిపోతున్నట్టుంది, ఈ రోజే విప్పి చూడాలి" అన్నారు. అందరూ సరేనన్నారు. సమావేశంలో ఎవరు ఏమన్నారో రాసే మినిట్స్‌లో ఆ సూచన ఆయన పేరు మీదే ఉంది.

ఆయన మీద నాకు కోపం లేదు, విషయం ఆయనకూ తోచి ఉండవచ్చు. కానీ ఇది మూడోసారి. ప్రయోగశాలలో పద్నాలుగు మందికి పని చెప్పే నేను ఆ గదిలోకి అడుగుపెట్టగానే నా గొంతు నాకే వినపడనట్టు మాట్లాడుతున్నాను. ఇది నేను నేర్చుకుని సరిదిద్దుకోవలసిన లోపమా, లేక ఆ గది తీరే అంతేనా? ఇలాంటిది అనుభవించినవారు ఏం చేశారో చెప్పండి.

పాలమూరు_పిల్ల
మీ సమావేశం ఏ భాషలో జరుగుతుంది అక్కా? నేను పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదువుకున్నాను. మా కార్యాలయంలో అందరూ ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, నేను వాక్యాన్ని మనసులో కూర్చుకుని నోరు తెరిచేసరికి వాళ్లు రెండు అంశాలు దాటిపోయి ఉంటారు. నా విషయంలో భయం సగం ఇంగ్లీషు వల్లే.

గోదారిగట్టు
అమ్మా పద్మా, నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు పని చేసి, మేనేజరుగా విశ్రాంతి తీసుకున్నాను. నీ వాక్యాన్ని ఒకసారి బిగ్గరగా చదువుకో. "బహుశా" అన్నావు, "ఒకసారి" అన్నావు, "బాగుంటుందేమో" అన్నావు. నాలుగు బ్యాచ్‌ల అంకెలు చేతిలో పెట్టుకుని ఒకే వాక్యంలో మూడుసార్లు వెనక్కి తగ్గావు. ఆయన ఏమన్నారో చూడు: తేడా ఉంది, ఈ రోజే విప్పి చూడాలి. మనల్ని చిన్నప్పటి నుంచి పెద్దవాళ్ల ముందు "ఏమో" చేర్చి మాట్లాడమని పెంచారు. ఇంట్లో అది మర్యాదే కావచ్చు, కానీ లెక్కల ముందు అది అనుమానంలా వినపడుతుంది.

మాది రాజమండ్రి. నా చిన్నప్పుడు మా అమ్మ నాకు దుర్గాబాయమ్మ (దుర్గాబాయి దేశ్‌ముఖ్) సంగతి చెబుతూ ఉండేది. 1923 లో కాకినాడలో కాంగ్రెసు మహాసభలు జరిగినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు. ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర టిక్కెట్లు చూసే స్వచ్ఛంద సేవ ఆమెకు అప్పగించారు. టిక్కెట్టు లేకుండా వచ్చిన జవాహర్‌లాల్ నెహ్రూను ఆమె లోపలికి పోనివ్వలేదు, టిక్కెట్టు కొన్న తరువాతే వదిలింది. ఆ పిల్లకు అంత ధైర్యం ఎక్కడిదని అమ్మను అడిగితే, "ఆమెకు అప్పజెప్పిన పని ఏమిటో ఆమెకు స్పష్టంగా తెలుసు" అనేది. ఆ తరువాత ఆమె రాజ్యాంగ సభలోని పదిహేను మంది మహిళల్లో ఒకరైంది, సభా కార్యక్రమాలు నడిపే అధ్యక్షుల జాబితాలో ఉన్న ఒకే ఒక మహిళ కూడా ఆమే. నీకు అప్పజెప్పిన పని ఆ అంకెల గురించి చెప్పడం. దానికి ఎవరి అనుమతీ అవసరం లేదు.

నిక్కచ్చి_నరేంద్ర
నేను ఒక యంత్రభాగాల సంస్థలో ఉత్పత్తి విభాగాన్ని చూస్తాను. పద్మగారి బాధను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, కానీ దీన్ని స్త్రీల సమస్యగా చూడడం సరికాదని నా అభిప్రాయం. మా సమావేశాలలో కొత్తగా వచ్చిన మగపిల్లల మాటలు కూడా ఇలాగే కొట్టుకుపోతాయి. ఉత్పత్తి ఆగిపోయే మాట ఎవరు చెప్పినా ఆ విభాగంవారు వినడానికి ఇష్టపడరు. మంచి వక్తృత్వ శిక్షణలో ఆరు నెలలు గడిపితే గొంతు, నిలబడే తీరు, మాట క్రమం అన్నీ వాటంతట అవే కుదురుతాయి.

కందిచేను
నరేంద్రగారూ, కింది ఉద్యోగుల మాట కొట్టుకుపోతుందన్నది నిజమే. మరి హోదాలో ఎవరికీ తీసిపోని స్త్రీల విషయం ఏమిటి? అమెరికా సుప్రీంకోర్టులో న్యాయమూర్తిగా ఉన్న స్త్రీకి వక్తృత్వ శిక్షణ అవసరమని ఎవరూ అనలేరు. అక్కడి వాదనల ప్రతులను ఇద్దరు పరిశోధకులు పరిశీలించి 2017 లో ప్రచురించారు. మహిళా న్యాయమూర్తుల మాటలకు తోటి న్యాయమూర్తులే కాకుండా, వారి ముందు వాదించడానికి వచ్చిన న్యాయవాదులు కూడా ఎక్కువగా అడ్డు వస్తున్నారని అందులో తేలింది. 2021 అక్టోబరు నుంచి ఆ కోర్టు ఒక కొత్త పద్ధతి పెట్టుకుంది. న్యాయవాది సమయం ముగిశాక, న్యాయమూర్తులు సీనియారిటీ క్రమంలో ఒక్కొక్కరుగా, ఎవరూ అడ్డు రాకుండా ప్రశ్నలు అడగవచ్చు. ఆ మార్పు వెనుక ఈ అధ్యయనాల ప్రభావం ఉందని న్యాయమూర్తి సోనియా సోటోమేయర్ స్వయంగా చెప్పారు.

వాళ్లు ఆ స్త్రీలను గొంతు పెంచమనలేదు, మాట వంతును మార్చారు. పద్మగారి గదిలో కూడా ముందు చూడవలసింది అదే.

గోదారిగట్టు
కందిచేనుగారూ, మీ మాట కాదనను. కానీ వంతు మారేదాకా ఆ అమ్మాయి రేపు ఉదయం తొమ్మిదిన్నరకు ఆ గదిలో కూర్చోవాలి కదా. రేపటికి ఆమె చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

తెల్లకోటు_లీడ్స్
గుంటూరులో నర్సింగ్ చదివి, ఇప్పుడు ఇంగ్లండులో ఒక ఆసుపత్రిలో పని చేస్తున్నాను. రేపటికి చేతిలో ఏం ఉండాలన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది, ఎందుకంటే నన్ను నిలబెట్టింది అదే.

ఇక్కడికి వచ్చిన మొదటి నెలలో ఒక రాత్రి మా వార్డులో ఒక పెద్దాయన శ్వాస వేగం పెరుగుతోంది. డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన మధ్యాహ్నం ఏం తిన్నారు, కూతురు ఎప్పుడు వచ్చి వెళ్లింది అంటూ మొదలుపెట్టి, చివరికి "మీకు వీలైతే ఒకసారి చూస్తారా" అన్నాను. డాక్టరు వేరే పనిలో ఉన్నానని ఫోన్ పెట్టేశారు. పక్కనే ఉన్న సీనియర్ నర్సు నా చేతికి ఒక కార్డు ఇచ్చి, ఇందులో ఉన్న వరుసలో మళ్లీ ఫోన్ చేయమంది. ఎస్‌బార్ అంటారు. నాలుగు మెట్లు: ఇప్పుడు పరిస్థితి ఏమిటి, దాని నేపథ్యం ఏమిటి, నా అంచనా ఏమిటి, మీరు ఏం చేయాలని నేను అడుగుతున్నాను. రెండోసారి నేను ఇలా చెప్పాను: "శ్వాస నిమిషానికి 28, ఆక్సిజన్ 88 శాతం. నిన్న ఆపరేషన్ అయింది. పరిస్థితి క్షీణిస్తోందని నా అంచనా. పది నిమిషాల్లో మీరు వచ్చి చూడాలి." డాక్టరు ఆరు నిమిషాల్లో వచ్చారు.

ఆ పద్ధతి అమెరికా నౌకాదళంలో అణు జలాంతర్గాముల వాళ్ల దగ్గర పుట్టి, తరువాత ఆసుపత్రులకు వచ్చింది. నా ఇంగ్లీషు ఆ రెండు ఫోన్‌ల మధ్య ఏమీ మెరుగుపడలేదు. పాలమూరు చెల్లీ, ఈ మాట ప్రత్యేకంగా నీ కోసమే రాస్తున్నాను. వరుస ముందే కుదిరి ఉంటే ఎనిమిది చిన్న వాక్యాలు చాలు, వ్యాకరణం ఎవరూ చూడరు.

పాలమూరు_పిల్ల
ఆ నాలుగు మెట్లను ఒక చీటీ మీద రాసి నా మానిటర్ కింద అంటించుకున్నాను అక్కా.

రన్‌వే_చివర
నేను విమానయాన భద్రతా విభాగంలో ఉన్నాను. నరేంద్రగారు, కందిచేనుగారు వాదించుకుంటున్న విషయం మా రంగంలో చాలా ఖరీదైన పాఠంగా వచ్చింది. 1977 మార్చి 27 న టెనెరిఫే ద్వీపంలో పొగమంచు కమ్మిన రన్‌వే మీద రెండు బోయింగ్ 747 లు ఢీకొని 583 మంది చనిపోయారు. ఒక విమానం టేకాఫ్‌కు పరుగు మొదలుపెట్టాక, దాని ఫ్లైట్ ఇంజినీరుకు ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనన్న అనుమానం వచ్చింది. అయితే ఆయన దాన్ని ప్రశ్నగా అడిగారు. కెప్టెన్ చాలా సీనియరు, లేదని గట్టిగా జవాబిచ్చారు, పరుగు ఆగలేదు. ఆ కాక్‌పిట్‌లో ఉన్నవారందరూ మగవారే కనుక హోదా అనే మాటలో నరేంద్రగారిది సగం నిజం.

మిగతా సగం కూడా చెప్పాలి. ఆ తరువాత వచ్చిన శిక్షణ, 1981 లో ఒక అమెరికా విమానయాన సంస్థలో మొదలై ప్రపంచమంతా పాకింది, కిందివారిని ధైర్యంగా మాట్లాడమని చెప్పి ఊరుకోలేదు. కెప్టెన్లకు వినడం నేర్పింది. కిందివారికి మెట్లు మెట్లుగా మాట పెంచే వరుస ఇచ్చింది: "నాకు ఆందోళనగా ఉంది" అని మొదట, "ఇది నాకు సమ్మతం కాదు" అని తరువాత, "ఇది భద్రతకు సంబంధించిన విషయం, ఆపండి" అని చివర. మూడో మాట వినపడ్డాక ఎంత పెద్ద హోదా ఉన్నా ఆగి వినాలి.

పద్మగారు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నారు. "పాసయ్యాయి కదా" అన్న తరువాత ఆమె రెండో మెట్టు ఎక్కాలి. అది ఎక్కినప్పుడు వినవలసిన బాధ్యత ఉత్పత్తి విభాగాధిపతిది.

రాత్రిషిఫ్టు
ఇంతమంది ఇన్ని చెప్పారు కానీ అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ మినిట్స్ రాస్తున్నది ఎవరు?

ప్రయోగశాల_పద్మ
మీ ప్రశ్న చూసి చాలాసేపు జవాబు రాయలేకపోయాను. రాస్తున్నది నేనే. పదోన్నతి వచ్చిన మొదటి వారంలోనే, నాకు రాత నీటుగా ఉంటుందని ఆ పని నాకు అప్పగించారు. ఇంజినీరింగ్ సహోద్యోగి పేరు పక్కన ఆ సూచనను నా చేత్తోనే టైపు చేశాను. అప్పుడు నాకు అందులో తప్పేమీ కనపడలేదు, ఎందుకంటే అందరూ ఒప్పుకున్నది ఆయన చెప్పినప్పుడే కదా అనుకున్నాను.

కందిచేను
ఆ పని వెంటనే మానేయండి. రాసే మనిషి తల వంచుకుని ఉంటుంది, ఎదుటివారి కళ్లలోకి చూసి మాట్లాడదు. మినిట్స్ రాయడం, టీ చెప్పడం, పుట్టినరోజు కేకు తెప్పించడం, ఇవన్నీ ఆఫీసుల్లో ఆడవాళ్ల మీదికి నీళ్లు పల్లానికి పారినట్టు వచ్చి చేరతాయి. వంతుల వారీగా పదకొండు మందీ రాయాలని అడగండి.

సంఘం_లెక్కలు
కందిచేనుగారితో నేను ఏకీభవించను. కలం వదులుకోవద్దు.

నేను నెల్లూరు జిల్లాలో పొదుపు సంఘాల గ్రామ సమాఖ్యకు పుస్తకాలు రాస్తాను. మా సంఘాలకు పంచసూత్రాలు ఉన్నాయి: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. అయిదోది మిగతా నాలుగింటినీ కాపాడుతుంది. తీర్మానాల పుస్తకంలో ఎవరు ఏమన్నారో రాసి, చదివి వినిపించి, అందరి చేత సంతకాలు చేయిస్తాం. పెద్ద కుటుంబం ఆమె గట్టిగా మాట్లాడినా, కూలికి పోయే ఆమె మెల్లగా మాట్లాడినా పుస్తకంలో ఇద్దరి మాటా ఒకే సైజు అక్షరాలతో ఉంటుంది.

మా దగ్గర కొత్తగా చేరిన సభ్యురాలు మొదటి రోజు తన పేరు చెప్పడానికే సిగ్గుపడి, "ఫలానా వాళ్ల భార్యను" అంటుంది. అందుకే గుండ్రంగా కూర్చోబెట్టి, ప్రతి సమావేశంలో ప్రతి ఒక్కరి చేత పేరు, పొదుపు, అప్పు చెప్పిస్తాం. పది పదిహేను మందే ఉంటారు కనుక వంతు తప్పించుకునే వీలు ఉండదు. ఆరు నెలలు అలా చెప్పిన మనిషి బ్యాంకులో మేనేజరు ముందు కూడా చెప్పగలుగుతుంది. ఉపన్యాసాలు విని మారిన వాళ్లను నేను చూడలేదు, ప్రతి వారం నోరు తెరవవలసి రావడం వల్ల మారిన వాళ్లను వందల మందిని చూశాను. మా జిల్లాలోనే దూబగుంటలో 1992 లో సారా దుకాణం మూయించిన ఆడవాళ్లు అంతకు ముందు రాత్రిబడిలో కూర్చుని పాఠాలు చదువుకుంటూ, వాటి గురించి మాట్లాడుకుంటూ ఉన్నవాళ్లే. మరుసటి ఏడాది రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

రాత్రిషిఫ్టు
"ఒకే సైజు అక్షరాలు" అన్న మాట నాకు చాలా నచ్చింది. పద్మగారు మందుల రంగంలోనే ఉన్నారు కనుక ఒకటి గుర్తు చేస్తాను. మన దగ్గర కాగితం మీద లేనిది జరగనట్టే లెక్క. బ్యాచ్ రికార్డుకు వర్తించే సూత్రం మీ మాటకు కూడా వర్తిస్తుంది. ఎవరు ముందు చెబితే వారి పేరు, ఎవరు బలపరిస్తే వారి పేరు, రెండూ రాయండి.

కందిచేను
సంఘం_లెక్కలు గారు చెప్పిన పద్ధతిలో చదివి వినిపించి సంతకం పెట్టించడం ఉంది, అది ఉంటే నేను ఒప్పుకుంటాను. అది లేకుండా రాసే పని మాత్రమే ఉంటే అది గుమాస్తా పనే.

విజయవాడ_వెన్నెల
ఇలా పదేపదే మాటకు అడ్డుపడడంపై సంస్థలోని అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేయవచ్చా?

గోదారిగట్టు
నేను బ్యాంకులో ఆ కమిటీకి అధ్యక్షురాలిగా ఉన్నాను కనుక చెబుతున్నాను. 2013 నాటి ఆ చట్టం పని స్థలంలో లైంగిక వేధింపులకు సంబంధించినది. పది మంది, అంతకు మించి పని చేసే ప్రతి చోటా కమిటీ ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలు ఉండాలి, ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. ఒట్టి మాటకు అడ్డు రావడం దాని కిందికి రాదు. అడ్డు రావడంతో పాటు ఆడమనిషినన్న వెకిలి వ్యాఖ్యలు, అసభ్యమైన మాటలు ఉంటే అది వేరే సంగతి, అప్పుడు ఆలస్యం చేయకూడదు. పద్మ చెప్పినదానికి దారి వాళ్ల పై అధికారితో విడిగా మాట్లాడడమే.

తెల్లకోటు_లీడ్స్
పద్మగారూ, ఆ బల్ల దగ్గర ఇద్దరు స్త్రీలు ఉన్నారన్నారు. రెండో ఆవిడతో ఎప్పుడైనా మాట్లాడారా? ఒబామా అధ్యక్షుడిగా ఉన్న కాలంలో శ్వేతసౌధంలో పని చేసిన మహిళలు ఒక ఒప్పందం చేసుకున్నారని చదివాను. ఒకరు మంచి మాట చెబితే, మరొకరు చెప్పినవారి పేరుతో సహా ఆ మాటను మళ్లీ చెప్పేవారు. అప్పుడు ఆ మాట గాలికి పోదు, పేరు కూడా పోదు. మా వార్డులో మేము కూడా అదే చేస్తాం.

నిక్కచ్చి_నరేంద్ర
గత వారం నేను అన్న మాటను నా సమావేశంలోనే పరీక్షించి చూశాను. నాలుగు రోజులు ఒక కాగితం మీద గీతలు గీశాను, ఎవరి మాటకు ఎవరు అడ్డు వచ్చారో అని. మా దగ్గర తొమ్మిది మందిలో ఇద్దరు అమ్మాయిలు. మొత్తం ఇరవై ఆరు గీతల్లో పదిహేను ఆ ఇద్దరి మాటల మీదే ఉన్నాయి. ఆ పదిహేనులో ఏడు నా పేరు మీద గీసుకున్నవి, అంటే అడ్డు వచ్చింది నేనే. కొత్త మగపిల్లల మాటలకూ అడ్డు వస్తామన్నది నిజమే కానీ, రెండూ ఒకే లెక్క కాదు. నా మొదటి అభిప్రాయాన్ని మార్చుకుంటున్నాను. వక్తృత్వ శిక్షణ మంచిదన్న మాట మీద మాత్రం ఇంకా నిలబడతాను.

కందిచేను
లెక్క వేసి చూసి, ఇక్కడికి వచ్చి చెప్పినందుకు కృతజ్ఞతలు నరేంద్రగారూ. ఆ కాగితాన్ని మీ సమావేశంలో కూడా చూపించండి.

ప్రయోగశాల_పద్మ
మూడు వారాలయింది, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదట డ్రయ్యర్ సంగతి చెప్పాలి. ఆ డ్రయ్యర్ ఫిల్టరు సంచి పూడుకుపోయి గాలి సరిగా ఆడడం లేదు, గ్రాన్యూల్స్‌లో తేమ మిగిలిపోతోంది. సంచి మార్చాక అస్సే 98.8 కు వచ్చింది.

మా ప్లాంట్ హెడ్‌తో విడిగా మాట్లాడాను. ఎవరి మీదా ఫిర్యాదు చేయకుండా, రెండు కోరికలు మాత్రమే అడిగాను. సమావేశంలో మొదటి ఐదు నిమిషాలు నాణ్యతా నియంత్రణకు ఇవ్వాలి, ఆ ఐదు నిమిషాల్లో ప్రశ్నలు చివర అడగాలి. రెండోది, మినిట్స్‌ను లేచే ముందు తెర మీద చదివి వినిపించాలి. మొదటిదానికి వెంటనే ఒప్పుకున్నారు. రెండోదానికి సమయం పడుతుందని వెనకాడి, ఒక నెల చూద్దామన్నారు. కలం నా దగ్గరే ఉంచుకున్నాను.

గిడ్డంగి విభాగంలో ఉన్న ఆ రెండో ఆవిడతో తొలిసారి కలిసి భోజనం చేశాను. ఎనిమిది నెలలుగా ఒకే బల్ల దగ్గర కూర్చుంటున్నాం, ఆమె కూడా సరిగ్గా ఇదే అనుభవిస్తోందని నాకు తెలియదు. ముడిసరుకు నిల్వ గది ఉష్ణోగ్రత గురించి ఆమె రెండుసార్లు చెప్పిందట, ఆ రెండుసార్లూ అదే గదిలో ఉన్న నేను కూడా వినలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంది.

గత గురువారం మరో మాత్ర కరుగుదల పరీక్షలో మొదటి ఆరు మాత్రల్లో రెండు తక్కువ చూపాయి. అలా అయితే రెండో దశలో మరో ఆరు మాత్రలను పరీక్షించాలి. ఆ నాలుగు మెట్లు రాసుకున్న చీటీ చూసుకుంటూ చెప్పాను: "ఆరింటిలో రెండు తక్కువగా ఉన్నాయి. గత మూడు బ్యాచ్‌లలో ఇలా లేదు. మా వైపు పరికరం, లెక్క సరిచూశాం, తప్పు లేదు. రెండో దశ ఆరు మాత్రల ఫలితం వచ్చేదాకా ప్యాకింగ్ మొదలుపెట్టకూడదు." ఉత్పత్తి విభాగాధిపతి "లారీ సాయంత్రానికి వస్తుందమ్మా" అన్నారు. నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. "ఇది నాకు సమ్మతం కాదు సార్" అన్నాను. గది ఒక క్షణం నిశ్శబ్దమైంది. అప్పుడు గిడ్డంగి ఆవిడ "పద్మ చెప్పినట్టు ఆపుదాం, లారీ వాళ్లతో నేను మాట్లాడతాను" అంది. ఆగారు.

రెండో దశలో బ్యాచ్ పాసైంది. మరునాడు ఆయన "అనవసరంగా ఒక రోజు పోయింది" అన్నారు. ఆ మాటను కూడా మినిట్స్‌లో ఆయన పేరుతోనే రాశాను.

గోదారిగట్టు
బ్యాచ్ పాసైనందుకు నిన్ను తప్పు పట్టనివ్వకు. ఆగి చూడకుండా పాసైందని ఎవరికి తెలుస్తుంది?

రన్‌వే_చివర
ల్యాండింగ్ వద్దనుకుని మళ్లీ పైకి లేచి చుట్టి వచ్చిన పైలట్‌ను మా దగ్గర ఎవరూ "అనవసరంగా ఇంధనం పోయింది" అని అడగరు, అడగకూడదని రాసి పెట్టుకున్న సంస్థలు ఉన్నాయి. పద్మగారూ, మీ ప్లాంట్ హెడ్ దగ్గర మీరు అడగవలసిన మూడో కోరిక అదే.

ప్రయోగశాల_పద్మ
సోమవారం అడుగుతాను. నిల్వ గది ఉష్ణోగ్రత విషయం కూడా ఆ రోజే ఆవిడ మాట్లాడుతుంది. మొదటి ఐదు నిమిషాల్లో రెండు నిమిషాలు ఆవిడకు ఇచ్చాను.

పాలమూరు_పిల్ల
సోమవారం సాయంత్రం ఇక్కడ రాయండి అక్కా, చూస్తూ ఉంటాను. నాకు కూడా ఆ రోజే సమావేశం ఉంది.